కారు బానెట్ సరిగ్గా మూయడం ఎలా: ఎంత ఎత్తు నుంచి వదలాలి, లాక్ పడకపోతే ఏం చూడాలి

మామూలు స్టాండ్ రాడ్ ఉన్న కారు బానెట్‌ను చేత్తో కిందికి దించుకుంటూ వచ్చి, ముందు అంచు అడుగు ఎత్తులోపు ఉన్నప్పుడు వదిలేయాలి. దాని బరువుకే అది మూతపడుతుంది. పడకపోతే తక్కువైంది మన బలం కాదు. లాక్‌లోనో, కేబుల్‌లోనో, రబ్బర్లలోనో ఏదో తేడా ఉంది. ఇది పట్టించుకోకుండా అరచేతులతో అదిమితే, కారు కొన్న రెండు మూడేళ్లకే బానెట్ ముందు భాగంలో రెండు పక్కలా లోతు లేని గుంటలు కనబడతాయి. పగలు సరిగ్గా కనిపించవు. రాత్రి పూట ట్యూబ్‌లైట్ ప్రతిబింబం బానెట్ మీద పొడుగ్గా పడేలా నిలబడి చూడండి. లైటు గీత తిన్నగా రాకుండా ఎక్కడ వంకర తిరిగిందో అక్కడే చెయ్యి పడ్డట్టు.

బానెట్ పై రేకు మందం 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్లే. గట్టిదనమంతా దాని కింద అతికించిన పక్కటెముకల లాంటి లోపలి రేకుది. ఎముక ఉన్న చోట నొక్కితే ఓర్చుకుంటుంది, రెండు ఎముకల నడుమ ఖాళీలో నొక్కితే సొట్ట పడుతుంది. పైనుంచి చూస్తే ఏది ఏదో తెలియదు. పైగా గుద్దుకున్నప్పుడు బానెట్ మొత్తంగా అద్దంలోకి దూసుకురాకుండా మధ్యలో మడత పడేలా కంపెనీలే కొన్ని చోట్ల కావాలని బలహీనంగా ఉంచుతాయి. ఒక మూల పట్టి గుంజినా, స్టాండ్ అడ్డం ఉండగా బలంగా వేసినా, వంగేది ఆ చోట్లలోనే.

లాక్ ఎట్ల పనిచేస్తది

బానెట్ కింద, ముందు అంచు మధ్యలో లావుపాటి కమ్మీతో చేసిన యు ఆకారపు కొక్కెం ఉంటుంది. మెకానిక్కులు దాన్ని స్ట్రైకర్ అంటారు. రేడియేటర్ పైనుండే అడ్డపట్టీకి లాక్ బిగించి ఉంటుంది. స్ట్రైకర్ వేగంగా వచ్చి తగిలితే లాక్‌లోని గోరు తిరిగి దాన్ని పట్టేస్తుంది. టక్కుమనే చప్పుడు అదే. స్టీరింగ్ కింద లివర్ లాగితే కేబుల్ ఆ గోరును వదిలిస్తుంది.

ఇది కాక రెండోది సేఫ్టీ క్యాచ్. లోపల లివర్ లాగాక కూడా బానెట్ వేలెడంత లేచి ఆగుతుంది కదా, దాన్ని ఆపేది ఇదే. వేళ్లు పెట్టి పక్కకో పైకో జరిపితేనే వదులుతుంది. మెయిన్ లాక్ విఫలమైతే నడిచే బండి మీద బానెట్ ఎగరకుండా కాపాడే ఆఖరి ఆసరా. అసలు లాక్ పడకుండా దీని మీదే ఆగిన బానెట్, దూరం నుంచి చూస్తే మూసినట్టే ఉంటుంది. చాలా ప్రమాదాలు ఇక్కడే మొదలవుతాయి.

మూసే ముందు

ఎండకాలం సాయంత్రాలు ఉన్నట్టుండి గాలిదుమారం లేచే ఊళ్లు మనవి. బానెట్ తెరిచి పెట్టేటప్పుడు కారు వెనక భాగం గాలికి ఎదురుగా ఉండేలా నిలపండి. స్టాండ్ రాడ్ బానెట్ బరువును కింద నుంచి మోస్తుంది గానీ, పైకి లేవకుండా పట్టుకోలేదు. ముందు నుంచి వచ్చే గాలి బానెట్‌ను రవ్వంత పైకి లేపితే చాలు, రాడ్ రంధ్రంలోంచి జారిపోతుంది. ఆ తర్వాత బానెట్ అద్దం మీదికి విరుచుకుపడుతుంది, లేదా కింద తల పెట్టినవాళ్ల మీద పడుతుంది. చిన్న కారు బానెట్ కూడా 10 కిలోలు తూగుతుంది.

తర్వాత ఇంజిన్ మీద ఒక చూపు. ఆయిల్ మూత, డిప్‌స్టిక్, కూలెంట్ ట్యాంకు మూత, బ్రేక్ ఆయిల్ మూత, వైపర్ నీళ్ల మూత, ఎయిర్ ఫిల్టర్ క్లిప్పులు, బ్యాటరీ టెర్మినల్ మీది ప్లాస్టిక్ తొడుగు. ఇవన్నీ ఒకే వరుసలో, ఎడమ నుంచి కుడికి చూసుకుంటూ పోతే ఏదీ తప్పిపోదు. తుడిచిన గుడ్డ, పానా, టార్చిలైటు ఎక్కువగా మరిచిపోయేది బ్యాటరీ మీద, అడ్డపట్టీ మీద. పట్టీ మీద పానా ఉండగా బానెట్ వేస్తే కింద నుంచి పొడుచుకొచ్చి పైన బుడిప తేలుతుంది. గుడ్డముక్క అయితే ఫ్యాన్ బెల్టులోకి పోవచ్చు, సైలెన్సర్ పైపు మీద పడి కాలవచ్చు.

వైపర్లు అద్దం మీద పడుకునే ఉన్నాయా చూడండి. కొన్ని కార్లలో వైపర్లు పైకి లేపి ఉంటే బానెట్ వెనక అంచు వాటికి తగిలి పెయింటు లేస్తుంది.

ఇక లాక్ గోరు. ఇది చాలామందికి తెలియని అడుగు. బానెట్ తెరిచి ఉన్నప్పుడు పిల్లలో, పనిచేసే కుర్రాడో లాక్‌ను వేలితోనో స్క్రూడ్రైవర్‌తోనో నొక్కితే అది మూసిన స్థితిలోకి తిరిగి ఉండిపోతుంది. అది గమనించకుండా బానెట్ వదిలితే స్ట్రైకర్ వచ్చి మూసిన గోరు మీద గుద్దుకుంటుంది. బానెట్ పడదు. రెండోసారి ఇంకా ఎత్తు నుంచి కొడితే స్ట్రైకర్ వంగుతుంది. అలాంటప్పుడు లోపలికి వెళ్లి లివర్ ఒకసారి లాగండి, గోరు తెరుచుకుంటుంది.

వాహనపూజ రోజు ఇంకో జాగ్రత్త. కొండగట్టులోనో భద్రకాళి గుడి దగ్గరో కట్టిన పూలదండ దారం గ్రిల్ సందులోంచి లాక్‌లోకి జారుతుంది. పూలు ఎండి రాలిపోయినా నైలాన్ దారం మాత్రం గోరుకు చుట్టుకునే ఉంటుంది. ఇంటికి రాగానే కత్తిరించి తీసేయడం మేలు.

మూయడం

మొదట రాడ్. ఎడమ చేత్తో బానెట్ ముందు అంచును పట్టి అంగుళం పైకి లేపండి, రాడ్ మీద బరువు తేలుతుంది. కుడి చేత్తో రాడ్‌ను రంధ్రంలోంచి తీసి, పడుకోబెట్టి, దాని ప్లాస్టిక్ క్లిప్పులో చప్పుడు వచ్చేలా నొక్కండి. ఊరికే ఆనించి వదిలేస్తే రెండు నష్టాలు: బానెట్ పడేటప్పుడు రాడ్ ఎగిరి అడ్డం వస్తుంది, లేదా బండి నడిచినంత సేపూ గలగలమంటుంది. ఇంజిన్ వేడిగా ఉంటే రాడ్ కాలుతుంది, దాని మీదుండే రబ్బరు తొడుగు దగ్గరే పట్టుకోవాలి. క్లిప్పు విరిగితే కొత్తది వేయించండి. వైరుతో కట్టే అలవాటు వద్దు.

పక్కన ఎవరన్నా ఉంటే "చేతులు తియ్ తమ్మీ" అని గట్టిగా చెప్పి, తీశాడని కళ్లతో చూశాకే దించండి. ఫెండర్ (ముందు చక్రం పైనుండే పక్క రేకు) అంచు మీద చెయ్యి ఆనించి నిలబడే అలవాటు మెకానిక్కుల దగ్గర పనిచేసే పిల్లలందరికీ ఉంటుంది.

బానెట్ ముందు అంచును మధ్యలో, లేదా మధ్యకు రెండు పక్కలా సమాన దూరంలో పట్టి దించండి. మూల పట్టుకుంటే ఒక పక్క ముందు దిగి, హింజ్ (బానెట్ వెనకుండే కీలు) మెలి తిరుగుతుంది. ముందు అంచుకూ కారుకూ మధ్య 20 నుంచి 30 సెంటీమీటర్ల సందు మిగిలినప్పుడు, అంటే జానకు కొంచెం ఎక్కువ ఉన్నప్పుడు, చేతులు రెండూ ఒకేసారి తీసేయండి. తోయొద్దు, విసరొద్దు. మీ కారు మాన్యువల్‌లో వేరే ఎత్తు చెప్పి ఉంటే దాన్నే పాటించండి. మొదటిసారి 20తో చూడండి. సగమే పడితే కొంచెం పెంచండి, 30 దాకా. అంతకు మించి అవసరమవుతోందంటే లాక్ శుభ్రం చేయాల్సిన వేళైంది.

అర మీటరు పైనుంచి దబ్బున వేయడం కూడా మంచిది కాదు. గ్రిల్ బానెట్‌తో పాటే లేచే బండ్లలో గ్రిల్ క్లిప్పులు విరుగుతాయి, హెడ్‌లైటు చెవులు అదురుతాయి, స్ట్రైకర్ వెల్డింగ్ వదులవుతుంది. వాటర్ సర్వీసింగ్ దగ్గర హడావుడిగా బానెట్ కొట్టే తీరు చూస్తే, మన బండి బానెట్ మనమే వేసుకుంటామని చెప్పడానికి మొహమాటపడనక్కర్లేదు.

గ్యాస్ స్ట్రట్ ఉన్న కార్ల లెక్క వేరు. అక్కడ రాడ్ ఉండదు, నల్లటి గొట్టాలు బానెట్‌ను పైకి నెడుతూ ఉంటాయి. వదిలేస్తే కింద పడదు, నడుమ తేలుతుంది. అందుకే సగం దాటే దాకా చేత్తో లాగాలి. చివరి జానెడు ఎత్తులో అరచేతులు రెండూ లాక్‌కు సరిగ్గా పైన, ముందు అంచు దగ్గర పెట్టి ఒకే ఊపులో కిందికి నెట్టాలి. మాన్యువల్ వేరేగా చెప్పకపోతే నొక్కడానికి అనుమతి ఉన్నది ఈ రకానికే, అదీ ఆ అంచు దగ్గరే. ఈ గొట్టాల్లో గ్యాస్ ఏళ్లు గడిచే కొద్దీ తగ్గుతుంది. చలికి ఒత్తిడి ఇంకా పడిపోతుంది కాబట్టి ఆదిలాబాద్ వైపు డిసెంబర్, జనవరి తెల్లవారుజామున ముసలి స్ట్రట్ బానెట్‌ను మోయలేక దించేస్తుంది. మధ్యాహ్నం బాగానే ఉందని నమ్మి కింద తల పెట్టొద్దు.

అల్యూమినియం బానెట్ తేలిక కాబట్టి దాని పడే ఊపు ఒక్కోసారి చాలదు. కాస్త ఎక్కువ ఎత్తు, లేదా మాన్యువల్ చెప్పిన చోట చేతి నెట్టు కావాలి. దాన్ని గుర్తుపట్టడానికి అయస్కాంతం చాలు, అల్యూమినియానికి అంటుకోదు. ముందు డిక్కీ ఉన్న కొన్ని ఎలక్ట్రిక్ కార్లలో మూత మోటారుతో నడుస్తుంది. అక్కడ చేత్తో బలవంతం చేయకుండా బటన్ పని బటన్‌నే చేయనివ్వాలి.

పడిందో లేదో

చప్పుడు నమ్మొద్దు. సేఫ్టీ క్యాచ్ మీద ఆగినా టక్కుమంటుంది.

ముందు అంచు కింద వేళ్లు పెట్టి పైకి లాగండి. కదలకూడదు. ఒక వేలి మందం లేచి ఆగితే సేఫ్టీ క్యాచ్ మీదే ఉందన్నమాట. తర్వాత రెండు అడుగులు వెనక్కి వచ్చి, వంగి, బానెట్ అంచునూ ఫెండర్ అంచునూ ఒకే చూపులో చూడండి. రెండు పక్కలా సందు ఒకేలా, ఎత్తు ఒకేలా ఉండాలి. కొన్ని కార్లలో బానెట్ తెరిచి ఉంటే మీటర్లో గుర్తు వెలుగుతుంది. అది లాక్ దగ్గరున్న చిన్న స్విచ్ పని. నీళ్లు, దుబ్బ పోతే స్విచ్ తప్పు చెప్పగలదు కాబట్టి చేత్తో లాగి చూడడం మానొద్దు.

సగమే పడితే పైనుంచి నొక్కడం తప్పు. మళ్లీ లివర్ లాగి, సేఫ్టీ క్యాచ్ విప్పి, బానెట్ ఎత్తి, మొదటిసారి కంటే ఐదు సెంటీమీటర్లు ఎక్కువ ఎత్తు నుంచి వదలండి. రెండుసార్లకూ పడకపోతే ఆపి కారణం వెతకండి.

పడకపోవడానికి కారణాలు

మన ఉత్తర తెలంగాణలో మొదటి అనుమానం దుబ్బ మీదే. మేడారం జాతరకు పోయొచ్చిన బండికి అడ్డపట్టీ మొత్తం ఎర్రమట్టి పేరుకుంటుంది. గోదావరిఖని, భూపాలపల్లి వైపు తిరిగే బండ్లలో బొగ్గుపొడి గ్రీజుతో కలిసి నల్లటి జిగురవుతుంది. కరీంనగర్ గ్రానైట్ క్వారీల దారిలో లేచే పొడి గరుకు, గోరు ఇరుసును అరగదీస్తుంది. పత్తి సీజన్లో ఎనుమాముల మార్కెట్ చుట్టూ తిరిగే బండి గ్రిల్‌లో దూది పోగులు ఇరుక్కుంటాయి, కొన్ని లాక్ గ్రీజుకు అంటుకుంటాయి. మార్కెట్ నుంచి వచ్చాక రేడియేటర్ ముందు చూసుకునేవాళ్లు లాక్ కూడా చూసుకుంటే పని ఒక్కసారే అవుతుంది.

శుభ్రం చేయడానికి పావుగంట చాలు. కావాల్సింది పాత టూత్‌బ్రష్, గుడ్డ, డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే, తెల్ల లిథియం గ్రీజు. ముందు పొడి బ్రష్‌తో మట్టి దులపండి. స్ప్రే కొట్టి ఐదు నిమిషాలు ఆగి, బ్రష్‌తో రుద్ది, నల్లనీళ్లు పోయేదాకా తుడవండి. ఆరాక గోరు ఇరుసు మీద, స్ప్రింగు కొక్కేల దగ్గర, సేఫ్టీ క్యాచ్ ఇరుసు మీద శనగగింజంత గ్రీజు పెట్టండి. మిగిలింది తుడిచేయండి, ఎక్కువైన గ్రీజు దుబ్బను పిలుస్తుంది. స్ప్రే ఒక్కదానితో సరిపెట్టొద్దు, అది మురికిని వదిలిస్తుంది గానీ కొన్ని వారాలకు ఆరిపోతుంది. పాత ఇంజిన్ ఆయిల్ అసలే వద్దు. ఏడాదికి రెండుసార్లు, ఎండకాలం ముందు ఒకసారి, వానలు వెళ్లాక ఒకసారి చేస్తే మామూలు వాడకానికి సరిపోతుంది.

గ్రీజు పెట్టాక బానెట్ వేయకుండానే పరీక్షించండి. స్క్రూడ్రైవర్‌తో గోరును స్ట్రైకర్ తగిలే దిక్కులో నొక్కితే టక్కుమని పట్టాలి. లోపల లివర్ లాగితే చటుక్కున వదలాలి. సేఫ్టీ క్యాచ్‌ను వేలితో జరిపి వదిలితే స్ప్రింగుతో వెంటనే వెనక్కి రావాలి. మెల్లగా వచ్చినా, మధ్యలో ఆగినా అది పనిచేయనట్టే. అది బాగుపడే దాకా హైవే ఎక్కొద్దు.

గోరు శుభ్రంగా ఉన్నా పట్టకపోతే కేబుల్ చూడండి. లివర్ లాగాక అది పూర్తిగా వెనక్కి రాకపోతే కేబుల్ బిగుసుకుని గోరును సగం తెరిచి పట్టుకుని ఉంటుంది. లివర్‌ను చేత్తో లోపలికి తోసి మళ్లీ బానెట్ వేయండి, పడితే దోషి కేబులే. వరి కోతలప్పుడు పొలం గట్టున నిలిపే బండ్లలో ఎలుకలు చేరి కేబుల్ పైతొడుగు కొరుకుతాయి. అందులోకి నీళ్లు పోతే లోపలి తీగ తుప్పు పడుతుంది. పైతొడుగు చిట్లితే కేబుల్ మార్చడమే, అందులో నూనె పోసి లాభం లేదు.

ఇక రబ్బరు బుష్‌లు. అడ్డపట్టీ మీద రెండు మూలలా, బానెట్ ఆనడానికి గుండీల్లాంటి రబ్బర్లుంటాయి. చాలా కార్లలో ఇవి మరల మీద తిరుగుతాయి: కుడికి తిప్పితే కిందికి దిగుతాయి, ఎడమకు తిప్పితే లేస్తాయి. ఎక్కువ ఎత్తులో ఉంటే బానెట్‌ను లాక్ దాకా పోనివ్వవు. మరీ కిందికి ఉంటే బానెట్ పడుతుంది గానీ 80 వేగంలో అంచులు వణుకుతాయి. సగం సగం చుట్టు తిప్పుతూ, ప్రతిసారీ 20 సెంటీమీటర్ల నుంచి వదిలి చూస్తూ సరిచేయాలి. రామగుండంలో 45 డిగ్రీల ఎండలో ఏళ్ల తరబడి నిలిచిన బండికి ఈ రబ్బర్లు గట్టిపడి పగులుతాయి. పగిలినవి మార్చండి. ఖర్చు తక్కువ, తేడా ఎక్కువ.

ముందు నుంచి చిన్న గుద్దు తగిలిన బండి అయితే లాక్ పక్కకు జరిగి ఉండొచ్చు. స్ట్రైకర్ రెండు పక్కలా కొత్త గీతలు ఎక్కడున్నాయో చూడండి, ఒకే పక్క ఉంటే ఆ పక్కకు రాసుకుంటోందన్నమాట. లాక్‌కు సాధారణంగా 10 నంబర్ బోల్టులు రెండో మూడో ఉంటాయి, రంధ్రాలు పొడుగ్గా ఉంటాయి కాబట్టి జరపొచ్చు. వదులు చేసే ముందు లాక్ చుట్టూ మార్కర్‌తో గీత గీయండి, లేకపోతే పాత చోటు దొరకదు. రెండు మిల్లీమీటర్లకు మించి జరపాల్సి వస్తే వంగింది లాక్ కాదు, అడ్డపట్టీ అయ్యుండొచ్చు. ఆ పని ఆటోనగర్‌లో టింకరింగ్ వాళ్లది. సుత్తితో కొట్టి స్ట్రైకర్ తిన్నగా చేస్తామంటే ఒప్పుకోకండి, ఒకసారి వంగిన కమ్మీ మళ్లీ అక్కడే విరుగుతుంది.

అరచేతి సొట్టలు ఇప్పటికే ఉంటే, పెయింటు పగలనంత వరకు లోపల నుంచి కమ్మీలతో నెట్టి పెయింటు లేకుండానే తీసే పద్ధతి ఉంది. లప్పం పెట్టించే ముందు దాని గురించి అడగండి.

దారిలో లేస్తే

గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. 50 వేగంలో బానెట్ మీద ఉన్న లాగుడు 100లో నాలుగింతలు. అందుకే హన్మకొండ వీధుల్లో రోజంతా సగం లాక్‌తో తిరిగిన బండి జనగామ దాటి హైవే మీద వేగం అందుకున్నాక, ఎదురుగా లారీ వెళ్లినప్పుడు ఒక్కసారిగా లేస్తుంది.

అంచు వణకడం కనబడగానే యాక్సిలరేటర్ వదిలి, హజార్డ్ లైట్లు వేసి, ఎడమకు తీసి ఆపండి. బానెట్ పూర్తిగా లేచి అద్దాన్ని కప్పేస్తే హఠాత్తుగా బ్రేకు తొక్కొద్దు, వెనక బండి గుద్దుతుంది. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, సీటులో కిందికి వంగి డ్యాష్‌బోర్డుకూ బానెట్‌కూ మధ్య సందులోంచి చూడండి, కనబడకపోతే పక్క కిటికీలోంచి రోడ్డు అంచును చూస్తూ మెల్లగా ఆపండి.

లాక్ పట్టడం లేదని తేలితే స్ట్రైకర్ కమ్మీలోంచి నైలాన్ తాడు దూర్చి, అడ్డపట్టీ ఇనుము చుట్టూ తిప్పి, రెండు ముడులు వేయండి. బంపర్‌కో గ్రిల్‌కో కడితే ఆ ప్లాస్టిక్ ఊడొస్తుంది. తాడు కొసలు కత్తిరించండి, రేడియేటర్ ఫ్యాన్ ఇంజిన్ ఆపాక కూడా తిరగొచ్చు. 40 దాటకుండా దగ్గర్లోని షెడ్డు దాకా పోండి. లాక్, సేఫ్టీ క్యాచ్ రెండూ పోయుంటే మాత్రం తాడును నమ్మకుండా టోయింగ్ బండిని పిలవండి.